ఓడ దిగినవాళ్ళం

ఈ వేసవిలో రెండు చిన్న గ్రంథాలు ఒకదాని వెంట ఒకటి చదివాను. ఒకటి, రెండో శతాబ్దం చివర రోమ్ నగరంలో ఉన్న గ్రీకు వైద్యుడు గాలెన్ తన మిత్రుడికి రాసిన ఉత్తరం. రెండోది, తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అరబ్బు తత్వవేత్త అల్ కిందీ తన మిత్రుడికి రాసిన ఉత్తరం. దుఃఖం లేకుండా బతకడం ఎలా అని ఇద్దరినీ ఎవరో అడిగారు. ఇద్దరూ ఓపికగా జవాబు రాశారు. గాలెన్ ఉత్తరం వివియన్ నటన్ ఇంగ్లీషు అనువాదంలో, 2013లో కేంబ్రిడ్జి వారు వేసిన గాలెన్ మనస్తత్వ రచనల సంపుటంలో దొరుకుతుంది. అల్ కిందీ ఉత్తరం, పీటర్ ఆడమ్సన్, పీటర్ పోర్మన్ కలిసి అనువదించిన ఆయన తాత్విక రచనల సంపుటంలో, 2012 నాటి ఆక్స్‌ఫర్డ్ ప్రచురణలో ఉంది. రెండూ కలిపినా ఒక సాయంత్రానికి మించిన చదువు కాదు. నాకు మాత్రం వేసవి అంతా పట్టింది. అందుకు కారణం పుస్తకాల్లో కన్నా నేను వాటిని చదివిన చోటులో ఎక్కువ ఉంది.

గ్రీకుల జీవన వివేకం ఇవాళ బాగా అమ్ముడుపోతున్న సరుకు. విమానాశ్రయాల పుస్తకాల దుకాణాల్లో స్టోయిక్కుల పేరు లేని అర కనిపించదు. మన చేతుల్లో ఉన్నదేదో, లేనిదేదో తెలుసుకుని, లేనిదాన్ని వదిలిపెట్టమన్న ఒక్క మాటని వెయ్యి రకాలుగా తిప్పి రాస్తున్నారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే అది ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెబుతున్నారన్న దాన్ని బట్టి ఔషధమూ అవుతుంది, అవమానమూ అవుతుంది. ఈ తేడా గురించే ఈ వ్యాసం.

ముందుగా కువైట్‌కీ గ్రీకులకీ ఏమిటి సంబంధం అన్న సందేహం తీర్చాలి. కువైట్ నగరం ఒడ్డు నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఫైలకా అనే ద్వీపం ఉంది. అలెగ్జాండరు ఆ ద్వీపానికి ఈజియన్ సముద్రంలోని ఒక ద్వీపం పేరు మీద ఇకారోస్ అని పేరు పెట్టించాడని ప్రాచీన చరిత్రకారుడు అరియన్ రాశాడు. 1937లో అక్కడ ఒక శిలాశాసనం బయటపడింది. సోతెలీస్ అనే ఏథెన్స్ వాడూ, అతనితో ఉన్న సైనికులూ కలిసి జ్యూస్, పొసైడన్, ఆర్టెమిస్ దేవతలకి చేసిన సమర్పణ అది. అందులో జ్యూస్‌కీ ఆర్టెమిస్‌కీ ఉన్న విశేషణం ‘రక్షకులు’ అని. మధ్యలో ఉన్నవాడు సముద్ర దేవుడు. సముద్రం దాటి వచ్చినవాళ్ళు క్షేమంగా ఒడ్డున పడ్డందుకు మొక్కు చెల్లించుకున్నట్టు ఉంటుంది ఆ మూడు పేర్ల వరస. 1958 నుంచి డెన్మార్క్ పురావస్తు బృందం అక్కడ తవ్వకాలు జరిపి, గ్రీకుల కోటనీ ఆలయాన్నీ వెలికితీసింది. ఇంటికి ఎంతో దూరంగా, ఉద్యోగం మీద, ఉప్పునీటి మధ్య ఒక దిబ్బ మీద బతికిన ఆ ఏథెన్స్ మనిషిని మన ఊరివాడు అనుకోవడానికి నాకు పెద్దగా ఊహాశక్తి అవసరం రాలేదు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ఇకారోస్ గురించి రాసిన అరియన్, వయసులో ఉండగా ఎపిక్టెటస్ శిష్యుడు. ఎపిక్టెటస్ తన చేత్తో ఏమీ రాయలేదు. ఆయన పాఠాలని రాసిపెట్టినవాడు అరియనే. మనకి ‘చేపుస్తకం’గా అందిన ఆ చిన్న గ్రంథంలో ఓడ ప్రయాణికుడి ఉపమానం ఒకటి ఉంది. ఓడ ఒక రేవులో ఆగుతుంది. మంచినీళ్ళ కోసం దిగిన ప్రయాణికుడు దారిలో ఒక గవ్వనో, ఒక దుంపనో ఏరుకోవచ్చు. కాని చెవి మాత్రం ఓడ మీదే ఉంచాలి. సరంగు పిలిచిన వెంటనే అన్నీ వదిలేసి పరుగెత్తాలి. ఫైలకా పాత పేరునీ ఈ ఓడ కథనీ మనకి అందించినది ఒకే కలం. ఆ కథ ఏడు వందల ఏళ్ళ తర్వాత అరబ్బీలోకి వచ్చి, అల్ కిందీ చేతుల్లో పెరిగి పెద్దదయింది.

కిందీ ఉత్తరం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఆయన కిందా తెగవాడు, కూఫాలో పుట్టి, బాగ్దాద్‌లో ఖలీఫా అల్ మామూన్, ఆయన తర్వాత అల్ ముతసిమ్ ఆస్థానాల నీడలో పనిచేశాడు. గ్రీకు గ్రంథాలని అరబ్బీలోకి తెచ్చే మహాయజ్ఞానికి ఆయన ఒక కేంద్రం. అరబ్బుల తత్వవేత్త అన్న బిరుదు ఆయనది. ఆయన వైద్యం మీద కూడా రాసినవాడు కనుక దుఃఖాన్ని రోగంగానే చూస్తాడు. ప్రియమైనవి పోవడం వల్లనో, కోరినవి అందకపోవడం వల్లనో ఆత్మకి కలిగే నొప్పి అని ముందు లక్షణం చెబుతాడు. తర్వాత చికిత్స. శరీరం కోసం మనిషి కోతనీ, వాతనీ, చేదు మందునీ, పథ్యాన్నీ భరిస్తాడు కదా, శరీరం కన్నా విలువైన ఆత్మ కోసం అంత మాత్రం ఓర్చుకోలేడా అని అడుగుతాడు. తేలిక మందుతో మొదలుపెట్టి క్రమంగా బలమైన మందులకి వెళతాడు. ఏ వైద్యుడికైనా ఈ పద్ధతి చదవగానే ముచ్చట వేస్తుంది.

మందుల్లో ఒకటి కథ. అలెగ్జాండరు చనిపోబోతూ తల్లికి ఉత్తరం రాశాడట. తన పేరు మీద గొప్ప విందు ఏర్పాటు చేయమనీ, ఏ దుఃఖమూ ఎరగని వాళ్ళని మాత్రమే పిలవమనీ. తల్లి అలాగే చేసింది. విందుకి ఒక్కరూ రాలేదు. కిసాగౌతమి ఆవగింజల కోసం ఇల్లిల్లూ తిరిగిన కథ తెలిసిన మనకి ఇది చదువుతుంటే చుట్టం ఇంటికి వెళ్ళినట్టు ఉంటుంది. ఇంకొక మందు ఉపమానం. మన దగ్గర ఉన్నవన్నీ ఎరువు సొమ్ము. ఇచ్చినవాడు తనకి ఇష్టమైనప్పుడు, తనకి నచ్చిన మనిషి చేత వెనక్కి తెప్పించుకుంటాడు. పెళ్ళికి పక్కింటి గొలుసు తెచ్చి పెట్టుకున్న పెళ్ళికూతురు తిరిగి ఇచ్చేటప్పుడు ఏడిస్తే నవ్వరా? పెళ్ళికూతురు నా చేర్పు. తర్కం కిందీది.

చివరికి ఓడ వస్తుంది. స్వదేశానికి పోతున్న ఓడ దారిలో ఒక ద్వీపం దగ్గర ఆగుతుంది. ప్రయాణికులు దిగుతారు. కొందరు పని చూసుకుని వెంటనే తిరిగి వస్తారు. విశాలమైన, గాలి తగిలే చోట్లు వాళ్ళకి దొరుకుతాయి. కొందరు పూలూ పళ్ళూ పక్షుల పాటలూ చూస్తూ కాసేపు నిలబడి ఆలస్యంగా వస్తారు. ఇంకొందరు గవ్వలూ రాళ్ళూ పూలూ మూటగట్టుకుని వస్తారు. అప్పటికి ఇరుకు చోట్లే మిగులుతాయి. మూట దించడానికి స్థలం ఉండదు. నెత్తిన పెట్టుకుని, ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు. పూలు వాడిపోయి కంపు కొడతాయి. ఒక్కొక్కటే సముద్రంలో పడేస్తారు. మరికొందరు అడవిలో చాలా దూరం పోతారు. సరంగు పిలుపు వాళ్ళకి వినపడదు. ఓడ వెళ్ళిపోతుంది.

కువైట్‌లో ఉన్న తెలుగువాడు ఈ కథ చదివి ఉలిక్కిపడకుండా ఉండలేడు. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఖైతాన్, ఫర్వానియా, జ్లీబ్, మహబూలా వీధుల్లో ఉంటున్న వేలమందిలో ఎవరిని కదిలించినా, రెండేళ్ళకని వచ్చామనే చెబుతారు. ఆ రెండేళ్ళు ఇరవై అయి ఉంటాయి. నా దగ్గరికి చక్కెర జబ్బు చూపించుకోవడానికి వచ్చే ఒక డ్రైవరు 22 ఏళ్ళుగా ఇక్కడ ఉన్నాడు. ఊళ్ళో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఆ ఇంట్లో తాను గడిపిన కాలమంతా కూడితే 14 నెలలు. లెక్క తనే చెప్పాడు, గర్వంగానో దిగులుగానో నాకు తెలియనంత నిదానంగా. మందులు సరిగ్గా వాడటం లేదేమని అడిగితే, ఊరికి పోయాక ఆరోగ్యం చూసుకుంటానన్నాడు. తిండి, నిద్ర, స్నేహం, చదువు, ఆఖరికి కాళ్ళ మంట కూడా ‘ఊరికి పోయాక’ అన్న ఖాతాలో రాసిపెట్టుకున్న మనుషులు ఇక్కడ ఎంతమందో.

మామూలుగా ఓడ కథని ఆశాపాశం మీద ఉపదేశంగా చదువుతారు. గవ్వలు ఏరకు, మూటలు కట్టకు అని. మన విషయంలో తప్పు వేరే చోట ఉంది. మనం ద్వీపాన్నే జీవితంలో లెక్క వేయడం మానేశాం. ఓడ వచ్చి ఊరికి తీసుకుపోయిన రోజున బతకడం మొదలవుతుందనుకుంటున్నాం. కిందీ చెప్పిన స్వదేశం కడపా కాదు, కాకినాడా కాదు. ఆయన దృష్టిలో అది మరణం తర్వాత ఆత్మ చేరే చోటు. అంటే ఊళ్ళో కట్టిన రెండంతస్తుల ఇల్లు కూడా ద్వీపంలో భాగమే. అక్కడికి పోయినా ఓడ ఎక్కినట్టు కాదు, ద్వీపంలో ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిగినట్టు. రేపటి మీద ఏ అధికారమూ లేని మనిషి సంతోషాన్ని రేపటికి వాయిదా వేస్తూ పోతాడని ఎపిక్యూరస్ నొచ్చుకున్నది ఈ సంగతికే.

ఇలా అనగానే, ఆ గ్రీకులకేం, సొంత ఊళ్ళో నీడపట్టున కూర్చుని ఎన్నైనా చెబుతారు, అకామా మీద బతికేవాడి బాధ వాళ్ళకేం తెలుసు అని ఎవరైనా అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజం దానికి పూర్తిగా తలకిందులు. ఏథెన్స్‌లో పరదేశికి ఒక ప్రత్యేక హోదా ఉండేది, మెటిక్ అని. పౌరసత్వం ఉండదు. సాధారణంగా భూమీ ఇల్లూ కొనే హక్కు ఉండదు. ఏడాదికి మగవాడైతే 12 ద్రక్మాలు, ఒంటరిగా బతికే ఆడమనిషైతే 6 ద్రక్మాలు తల పన్ను కట్టాలి. తన తరఫున నిలబడే ఒక పౌరుణ్ణి పూచీగా చూపించుకోవాలి. పన్ను ఎగవేస్తే బానిసగా అమ్మేయవచ్చు. అకామా, కఫీల్ అన్న మాటలు తెలిసినవాడికి ఈ ఏర్పాటు గురించి వేరే వివరించనక్కరలేదు.

ఈ హోదాలో ఏథెన్స్‌లో బతికినవాడు అరిస్టాటిల్. ఉత్తరాన స్టగైరా అనే ఊరివాడు. 17 ఏళ్ళప్పుడు చదువుకోవడానికి వచ్చి 20 ఏళ్ళు ఉన్నాడు. వెళ్ళిపోయి, తిరిగి వచ్చి పాఠశాల పెట్టాడు. క్రీ.పూ. 323లో అలెగ్జాండరు చనిపోగానే ఏథెన్స్‌లో గాలి మారింది. మాసిడోనియాతో సంబంధం ఉన్న ఈ పరదేశి మీద దైవద్రోహ నేరం మోపారు. ఆయన కాల్కిస్‌కి వెళ్ళిపోయి, మరుసటి ఏడు అక్కడే కన్నుమూశాడు. స్టోయిక్ తత్వానికి మూలపురుషుడు జీనో, సైప్రస్ ద్వీపం నుంచి వచ్చిన వర్తకుడు. ఓడ మునిగి ఏథెన్స్ చేరి, ఒక పుస్తకాల దుకాణంలో సోక్రటీసు గురించి చదవగా విని, ఇలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడిగాడని కథ. డయోజనిస్ సినోపె నుంచి వెళ్ళగొట్టబడ్డవాడు. ఎపిక్టెటస్ బానిసగా పుట్టి, విడుదల పొంది, చక్రవర్తి డొమిషియన్ తత్వవేత్తలని బహిష్కరించినప్పుడు రోమ్ వదిలి నికోపొలిస్ చేరినవాడు. మనిషి బాగా బతకడమంటే ఏమిటన్న ప్రశ్నకి గ్రీకు ప్రపంచం ఇచ్చిన జవాబుల్లో పెద్ద భాగం వలస వచ్చినవాళ్ళవీ, వెళ్ళగొట్టబడినవాళ్ళవీ, సొంత గడ్డ కింద లేనివాళ్ళవీ. ఊరు మనిషిని నిలబెట్టలేనప్పుడు మనిషి దేని మీద నిలబడాలి అన్నది వాళ్ళకి బతుకు సమస్య.

అరిస్టాటిల్ వీలునామా మనకి దక్కింది. అందులో హెర్పిల్లిస్ అనే తన సహచరికి ఒక వెసులుబాటు ఇచ్చాడు. ఆమె కాల్కిస్‌లో ఉండదలిస్తే తోట పక్కన ఉన్న ఇల్లు, స్టగైరాలో ఉండదలిస్తే తన తండ్రి ఇల్లు. అంతటివాడూ ఊళ్ళో ఇల్లు ఉంచుకున్నాడు! అయితే ఆ ఇంటికి పోయాక జీవితం మొదలుపెడదామని ఎదురు చూడలేదు. ఆనందం చేతికి వచ్చే వస్తువు కాదు, చేసే పని, జీవితం పొడుగునా చేస్తూ ఉండవలసిన పని అని ఆయన పాఠం. మంచి జీవితానికి స్నేహం ఎంత అవసరమో చెప్పడానికి ‘నికోమాకియన్ ఎథిక్స్’ పది భాగాల్లో రెండింటిని కేటాయించాడు. కలిసి ఉప్పు తినకుండా ఒకరినొకరు ఎరగలేరన్న పాత సామెతని అక్కడ గుర్తు చేస్తాడు. ఉప్పు తిన్న విశ్వాసం అన్న మాట మనకీ ఉంది. జ్లీబ్‌లో ఒక గదిలో ఆరుగురు ఉంటూ, వంతులవారీగా వండుకుని, పన్నెండేళ్ళు ఒకే కంచం చుట్టూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. ఒకడు ఆసుపత్రిలో చేరితే మిగిలిన ఐదుగురూ డ్యూటీలు మార్చుకుని మంచం పక్కన కూర్చున్నారు. వాళ్ళని మీ స్నేహితులా అని అడిగితే, ‘రూమువాళ్ళు సార్’ అన్నారు. స్నేహితులు ఊళ్ళో ఉన్నారట. తమ జీవితంలో జరిగిన అతి మంచి విషయానికి పేరు పెట్టుకోవడం కూడా వాళ్ళు వాయిదా వేశారు.

ఇంతవరకూ గ్రీకుల పక్షం. ఇక వాళ్ళతో నా పేచీ.

2020 మార్చిలో కువైట్ విమానాశ్రయం మూతపడింది. ప్రయాణికుల విమానాలు ఆగస్టుకి గాని కొద్దికొద్దిగా మొదలు కాలేదు. ఆ మధ్యలో, జూన్ నెలలో, రాజంపేట దగ్గరి పల్లెకి చెందిన ఒక మనిషి తల్లి పోయింది. అంత్యక్రియలు ఫోనులో చూశాడు. రెండు రోజుల తర్వాత గుండెల్లో బరువుగా ఉందని నా దగ్గరికి వచ్చాడు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. కన్నీళ్ళు ఆగడం లేదు. బయట జనం నిండి ఉన్నారు. అప్పుడే ఎపిక్టెటస్ చదువుతున్న వేడిలో ఉన్నాను. మన చేతుల్లో లేనిదాని గురించి ఏడ్చి ఏం లాభం అన్నాను. అతను తలెత్తి, ‘లాభం కోసరమా సార్ నేను ఏడుస్తాండేది?’ అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. చాలాకాలం తర్వాత తెలిసింది, గ్రీకుల ఏడుగురు జ్ఞానుల్లో ఒకడైన సోలోన్, కొడుకు పోయి ఏడుస్తుంటే ఎవరో ఇదే ప్రశ్న వేశారని, ప్రయోజనం లేదు కనుకనే ఏడుస్తున్నానని ఆయన అన్నాడని. రాజంపేట మనిషి సోలోన్‌ని చదవలేదు. నేను చదివింది నాకు ఉపయోగపడలేదు.

ఎపిక్టెటస్ తన ఓడ కథలో, గవ్వకీ దుంపకీ బదులు నీకు భార్యో బిడ్డో దొరికినా సరేనంటాడు. పిలుపు వచ్చినప్పుడు వాళ్ళనీ అలాగే వదిలి పరుగెత్తమంటాడు. కిందీ కథలో ఏ మూటా లేకుండా అందరికన్నా ముందు తిరిగి వచ్చినవాడికి అన్నిటికన్నా మంచి చోటు. తర్కంలో తప్పు పట్టలేను. కాని ఇన్నేళ్ళు రోగుల మంచాల పక్కన నిలబడ్డాక, ద్వీపంలో ఎవరినీ కలవకుండా అందరికన్నా ముందు ఓడ ఎక్కిన ఆ మనిషి మీద నాకు అసూయ కలగడం లేదు. అతని చోటు విశాలంగానే ఉంటుంది. పక్కన ఎవరుంటారు? తల్లి చావుకి ఏడవడం ఎరువు సొమ్ము తిరిగి ఇవ్వలేక ఏడవడం కాదు. అది ఆమెకి చెల్లించే ఆఖరి బాకీ.

ఇక్కడ గాలెన్ నాకు దారి చూపించాడు. ఆయన ఉత్తరం శతాబ్దాల పాటు పోయిందనే అనుకున్నారు. 2005లో థెస్సలోనికిలోని వ్లతాడోన్ మఠంలో ఒక ఫ్రెంచి పరిశోధక విద్యార్థి దాన్ని ఒక చేతిరాత ప్రతిలో గుర్తించాడు. 192లో రోమ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. గోదాముల్లో భద్రంగా దాచుకున్న గాలెన్ పుస్తకాలూ, పరికరాలూ, అరుదైన మందులూ, వెండి బంగారాలూ, బాకీ పత్రాలూ కాలిపోయాయి. ఏళ్ళ తరబడి సరిదిద్దుకున్న ప్రతులు బూడిదయ్యాయి. ఇంత జరిగినా నీ మొహంలో దిగులు లేదే, ఏమిటి రహస్యం అని మిత్రుడు అడిగాడు. నిరంకుశుడైన కొమ్మొడస్ పాలనలో ప్రతిరోజూ సర్వస్వం పోయినట్టు ఊహించుకుని మనసుకి అలవాటు చేసుకున్నానన్నాడు గాలెన్. అంతవరకూ అది స్టోయిక్ పాఠమే. ఆ తర్వాత ఆయన ఒక వైద్యుడు మాత్రమే చెప్పగల మాట చెప్పాడు. తన ఓర్పుకి హద్దు ఉందని. ఆస్తి పోవడాన్ని తేలిగ్గా తీసుకోగలడు, ఒంటరి ద్వీపంలో పారేయనంత వరకే. నొప్పిని ఓర్చుకోగలడు, ఇత్తడి ఎద్దులో పెట్టి కాల్చనంత వరకే. స్వదేశం నాశనమైతే, స్నేహితుణ్ణి నిరంకుశుడు హింసిస్తే తనకి దుఃఖం కలుగుతుందని దాచుకోకుండా రాశాడు.

ఎంత హింసలో ఉన్నా మంచివాడు ఆనందంగానే ఉంటాడనేవాళ్ళు తెలిసో తెలియకో అర్థం లేని మాట చెబుతున్నారని అరిస్టాటిల్ కూడా తేల్చేశాడు. ఆయన లెక్కలో మంచి జీవితానికి మంచి గుణం మూలమే, కాని తిండి, ఆరోగ్యం, స్నేహితులు, కొంత అదృష్టం కూడా కావాలి. స్టోయిక్ పుస్తకాల జోరులో ఈ రెండో సగం వినపడకుండా పోతోంది.

అది వినపడటం మనలాంటి చోట ఎందుకు అవసరమో చెబుతాను. 2016 జూలై 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి ఎండలో ఇటుకలు మోసే మనిషికి సహనం బోధించవచ్చు. వేడి మన చేతుల్లో లేదు, దాని గురించిన ఆలోచన మాత్రమే మన చేతుల్లో ఉందని కూడా చెప్పవచ్చు. ఇక్కడి ప్రభుత్వం అలా చెప్పలేదు. జూన్ నుంచి ఆగస్టు ఆఖరు వరకూ ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని నిషేధించింది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి వారానికో సెలవు దినం, పని గంటలకి హద్దు, ఏడాదికి జీతంతో సెలవు ఉండాలంది. ఎక్కడ ఎంత అమలవుతోందన్నది వేరే ప్రశ్న. నేనంటున్నది, మనిషి ఓర్చుకోవలసినదాన్ని తగ్గించడం కూడా వివేకమేనని. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికుల నివాస భవనం అంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్ళలో ఆంధ్రప్రదేశ్ వాళ్ళూ ఉన్నారు. గాలెన్ గోదాము మంటలు ఆయనకి ఓర్పు నేర్పి ఉండవచ్చు. ఈ మంటల నుంచి నేర్చుకోవలసింది ఓర్పు కాదు, మెట్లకీ తలుపులకీ గదికి ఎంతమందన్న లెక్కకీ సంబంధించిన విషయాలు.

అందుచేత నాకు తోచిన నియమం ఇది. ఎపిక్టెటస్ మాట ఎవరికి వారు చెప్పుకోవలసింది. మన చేతుల్లో ఉన్నవీ లేనివీ అన్న విభజన ఉత్తమ పురుషలో మాత్రమే పనిచేసే వ్యాకరణం. ‘నేను ఓర్చుకుంటాను’ అంటే అది తత్వం. ‘నువ్వు ఓర్చుకో’ అనగానే అది అధికారం. బానిసగా బతికినవాడు తనకి తాను చెప్పుకున్న మాటని, యజమాని నోట వినిపిస్తే దాని అర్థమే మారిపోతుంది. ఎదుటివాడి విషయంలో మన పని వేరు. అతని బరువులో ఎంత నా చేతుల్లో ఉంది అని అడగడం. చూస్తే, ఎంతో కొంత ఉండనే ఉంటుంది. ఆ జూన్ నెలలో రాజంపేట మనిషికి సెలవు చీటీ రాసి, పక్కన పది నిమిషాలు కూర్చోవడం నా చేతుల్లో ఉన్న పనే. బయట జనం ఉన్నారని చేయలేదు.

ఈ రెండు ఉత్తరాలూ తెలుగులో రావాలని నా కోరిక. గోపీచంద్ ‘తత్వవేత్తలు’ చదివి పెరిగిన పాఠకులకి ఈ దారి కొత్త కాదు. అయితే గ్రీకు చింతన మనకి ఎప్పుడూ లండన్ మీదుగానే వస్తోంది. బాగ్దాద్ మీదుగా వచ్చిన గ్రీకు మాటలో వేరే రుచి ఉంది. కిసాగౌతమి కథతో, ఎరువు సొమ్ముతో, స్థితప్రజ్ఞుడితో చుట్టరికం కలిసే రుచి అది. గల్ఫులో బతుకుతున్న లక్షల తెలుగువాళ్ళకి, తాము నడుస్తున్న నేల మీదే ఈ ప్రశ్నలు ఒకప్పుడు ఇంత లోతుగా వేసుకున్నారని తెలియడం కూడా చిన్న విషయం కాదు.

డ్రైవరు గారు పోయిన నెల మళ్ళీ వచ్చారు. ఈసారి ఓడ కథ చెప్పాను, ఉపదేశంగా కాకుండా కథగానే. చివరిదాకా విని, ‘ఆ గవ్వలు ఏరినోళ్ళు ఒకరివి ఒకరు పట్టుకోనుంటే చోటు సరిపోయేది గదా సార్’ అన్నారు. ఎపిక్టెటస్‌కీ కిందీకీ తట్టని సవరణ అది. మందులు మాత్రం ఆ వారం నుంచి సరిగ్గా వేసుకుంటున్నారట, రూమువాళ్ళు గుర్తు చేస్తున్నారట.